పుష్యమి కార్తె కబుర్లు

పుష్యమి కార్తె నడుస్తోంది. తాడికొండ, మేడికొండూరు వైపు పత్తి చేలల్లో గుంటకలు తోలుతున్నారు. మిరప నారుమళ్లు లేచాయి. వేసవి సెలవులయ్యాక గుంటూరు మిర్చి యార్డులో మళ్లీ సందడి మొదలై, కోల్డ్ స్టోరేజీల్లోని పాత సరుకు కదులుతోంది. రెంటచింతల ఎండల ఊసు మళ్లీ వేసవి దాకా ఉండదు.

ఇక వానల సంగతి. నల్లరేగడి తెలిసిందే కదా, తడిస్తే నాలుగడుగులు వేసేసరికి చెప్పు కింద ఇంకో చెప్పంత మందాన మట్టి! మేలో చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చిన నేలే ఇది. తడిసి ఉబ్బిందా, నీటిని చప్పున ఇంకనివ్వదు. పడ్డ వానంతా పల్లానికే పరుగు.

217 చదరపు కిలోమీటర్ల మన రాజధానిలో మెట్టంతా దాదాపు ఈ నేలే. కృష్ణ ఒడ్డున ఉండవల్లి, పెనుమాక, వెంకటపాలెం జరీబు భూములు వేరు. అక్కడ కొద్ది లోతులోనే నీరు. అరటి, పసుపు, పూలు, కూరగాయలు పండేవి. 2015 భూసమీకరణలో ఎకరాకు వాణిజ్య స్థలం జరీబుకు 450 గజాలు, మెట్టకు 250 గజాలు ఇస్తామన్నది ఈ తేడా చూసే.

రెంటికీ భయం కొండవీటి వాగుతోనే. కొండవీడు కొండల నీళ్లన్నీ నీరుకొండ మీదుగా వచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలవాలి. ప్రకాశం బ్యారేజీ ఎగువన నది నిండుగా ఉంటే వాగు నీరు దిగదు, వెనక్కి ఎగదన్ని చేల మీద పడుతుంది. అందుకే 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు నదిలోకి ఎత్తిపోసే పంపులు పెట్టారు. నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం దగ్గర జలాశయాలు కూడా తలపెట్టారు. భవనాలకన్నా ముందు పూర్తి కావాల్సినవి అవేనని నా గట్టి అభిప్రాయం.

2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వదులుతుంటే అందరి చూపూ కృష్ణ మీదే. విజయవాడ కాలనీలను ముంచింది మాత్రం బుడమేరు వాగు. కాకసస్ కొండల నడుమ జార్జియా రాజధాని టిబిలిసీలోనూ ఇదే జరిగింది. ఊరి మధ్య పారే పెద్ద నది మట్‌క్వారి. 2015 జూన్‌లో ఓ రాత్రి కుండపోతకు పొంగింది దాని చిన్న ఉపనది. ఇరవై మంది దాకా పోయారు, జూలోని హిప్పో వీధిలోకి వచ్చేసింది.

మనకు అసలు వానలు ఇంకా ముందున్నాయి. భాద్రపదం దాటితే తుఫాన్లు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్‌కు మిరప చేలు ఎలా ఒరిగాయో ఎవరూ మరవలేదు. ఈలోగా మీ ఊరి వాగులో గుర్రపుడెక్క, తూటికాడ తీయించారో లేదో పంచాయతీలో గట్టిగా అడగండి.