లెస్లీ కౌంటీలో నలభై ఏళ్లు

అమెరికాలో తెలుగువారి జీవితం అనగానే న్యూజెర్సీ, డల్లాస్, కాలిఫోర్నియా బే ఏరియా వంటి మహానగర ప్రాంతాలే స్ఫురిస్తాయి గాని, ఆ దేశపు గ్రామసీమల్లో రోజువారీ పాలన నడిచేది కౌంటీ అనే విభాగం ద్వారా. రాష్ట్రానికి దిగువన, పట్టణాలకు పైన ఉండే ఈ విభాగం చేతిలోనే భూమి దస్తావేజులు, ఎన్నికలు, షెరీఫ్ కార్యాలయం, ప్రజారోగ్య కేంద్రం వంటివన్నీ ఉంటాయి. కెంటకీ రాష్ట్రం ఒక్కదానిలోనే 120 కౌంటీలు ఉండగా, వాటిలో తూర్పువైపున అపలాచియన్ కొండల మధ్య ఉన్న అనేక కౌంటీలలో కొన్ని దశాబ్దాలుగా భారతీయ వైద్యులు, వారిలో తెలుగు వైద్యులు పనిచేస్తూ వస్తున్నారు. అటువంటి కొండసీమలో, లెస్లీ అనే చిన్న కౌంటీలో, మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు 1925 నుంచి 1965లో కన్నుమూసే వరకు సాగించిన సేవ, ఆ ప్రాంతాలకు వెళ్లే ప్రతి ప్రవాసికీ తెలిసి ఉండవలసిన చరిత్ర.

ఆంధ్ర, తెలంగాణల లెక్కలో చూస్తే నాలుగైదు మండలాల విస్తీర్ణం, అంటే దాదాపు 400 చదరపు మైళ్ల నేల ఉన్న లెస్లీ కౌంటీలో 1920ల నాటికి సుమారు 10,000 మంది నివసించేవారు. వారు ఊళ్లుగా గుమిగూడి కాక, కెంటకీ నది పాయల వెంబడి, ఒక్కొక్క వాగుకు ఇరుపక్కలా దూరదూరంగా కట్టుకున్న దుంగల ఇళ్లలో ఉండేవారు. బండి నడిచే బాట లేకపోవడంతో చాలా చోట్ల వాగు గర్భమే దారిగా ఉండేది. పొరుగు కౌంటీలోని హజార్డ్ పట్టణంలో రైలు దిగినవారు అక్కడినుంచి గుర్రం మీదనో కంచరగాడిద మీదనో కొండలు దాటి కౌంటీ ముఖ్యపట్టణమైన హైడెన్ చేరవలసి వచ్చేది. కాన్పు కష్టమైతే కబురు వెళ్లి వైద్యుడు వచ్చేలోగా తల్లీబిడ్డల ప్రాణం నిలుస్తుందన్న భరోసా లేదు. చెప్పుకోదగ్గ చదువు లేకపోయినా అనుభవం గల మంత్రసానులే అక్కడి స్త్రీలకు దిక్కుగా ఉండేవారు.

ఈ కొండలకు బ్రెకిన్‌రిడ్జ్ పుట్టుకతో చెందినది కాదు. 1881లో టెనెస్సీలోని మెంఫిస్‌లో పుట్టిన ఆమెకు, అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసిన జాన్ బ్రెకిన్‌రిడ్జ్ తాత కాగా, కాంగ్రెస్ సభ్యుడిగా ఉండి తరువాత రష్యాలో అమెరికా దౌత్య ప్రతినిధిగా పనిచేసిన క్లిఫ్టన్ బ్రెకిన్‌రిడ్జ్ తండ్రి. మొదటి భర్త 1906లో మరణించగా ఆమె న్యూయార్క్‌లో నర్సింగ్ చదివి 1910లో పట్టా పుచ్చుకుంది. రెండవ వివాహంలో కలిగిన ఆడశిశువు నెలలు నిండకుండా పుట్టి 1916లో కొద్ది గంటలకే పోగా, నాలుగేళ్ల కొడుకు 1918లో జబ్బుచేసి చనిపోయాడు. ఆ కడుపుకోత నుంచే, మిగిలిన జీవితం పిల్లల ఆరోగ్యానికి అర్పించాలన్న సంకల్పం ఆమెలో స్థిరపడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్స్‌లోని శిథిల గ్రామాలలో తల్లులకు, పిల్లలకు పాలు, వైద్యం అందించే పని చేస్తున్నప్పుడు, నర్సు చదువుకు తోడు కాన్పు విద్యలో ప్రత్యేక శిక్షణ కూడా పొందిన బ్రిటిష్ స్త్రీలను ఆమె చూసింది. నర్సు-మిడ్‌వైఫ్ అని పిలిచే ఈ వృత్తి అప్పటికి అమెరికాలో వేళ్లూనుకోలేదు.

సంకల్పం కలిగినంత మాత్రాన ఆమె వెంటనే ఆసుపత్రి కట్టడానికి పూనుకోలేదన్నది ఈ చరిత్రలో గమనించవలసిన మొదటి విషయం. 1923 వేసవిలో గుర్రంపై లెస్లీ, నాట్, ఔస్లీ కౌంటీలు తిరిగి 53 మంది మంత్రసానులను వారి ఇళ్లలోనే కలుసుకుని, వారు పురుళ్లు పోసే తీరును, వాడే వస్తువులను, శుభ్రత పాటింపును విచారించి రాసుకుంది. ఆ తరువాత నలభై దాటిన వయసులో లండన్ వెళ్లి విద్యార్థినిగా కాన్పు విద్య నేర్చుకుని, స్కాట్లండ్ ఉత్తరాన కొండలలోను ద్వీపాలలోను చెదిరి ఉన్న జనానికి 1913 నుంచి ప్రభుత్వ సహాయంతో నడుస్తున్న వైద్య, నర్సింగ్ వ్యవస్థను పరిశీలించింది. రోగిని కేంద్రానికి రప్పించే బదులు నర్సును రోగి చెంతకు పంపి, నర్సు చేతికి మించినది మాత్రమే వైద్యుడికి చేరవేసే ఆ పద్ధతి కెంటకీ కొండలకు సరిగ్గా సరిపోతుందని గ్రహించింది. ఆ నమూనాతో ఆమె 1925లో స్థాపించిన సంస్థ 1928 నుంచి ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అనే పేరుతో ప్రసిద్ధమైంది.

ఆ నర్సుల పనితీరును వారి జీను సంచుల ద్వారా దగ్గరగా చూడవచ్చు. గుర్రం వీపు మీద ఇరుపక్కలా వేలాడే ఆ తోలు సంచులలో కాన్పుకు ఉద్దేశించిన జత సుమారు 40 పౌండ్లు తూగేది. విద్యుత్తు గాని ఆసుపత్రి మంచం గాని లేని ఇంట్లో కిరోసిన్ దీపపు వెలుగులో పురుడు పోయడానికి కావలసిన సమస్తమూ అందులో సర్ది ఉండేది. వాటితోపాటు ప్రతి సంచిలోనూ ‘మెడికల్ రొటీన్స్’ అనే చిన్న పుస్తకం ఉండేది. లెక్సింగ్టన్ నగర వైద్యుల సలహా సంఘం ఆమోదించిన ఈ పుస్తకం, వైద్యుడు అందుబాటులో లేనప్పుడు నర్సు ఏ స్థితిలో ఏ మందు ఇవ్వవచ్చో, ఏ దశ దాటితే తప్పక వైద్యుడికి కబురు పంపాలో స్పష్టంగా నిర్దేశించేది. ఒంటరిగా వాగు దాటి వెళ్లే నర్సు ధైర్యానికి వెనుక ఇటువంటి కట్టుదిట్టమైన ఏర్పాటు ఉండబట్టే ఆ ధైర్యం తెగింపుగా మారకుండా నిలిచింది.

సేవను దానంగా పంచిపెట్టకపోవడం కూడా ఆలోచించి చేసిన నిర్ణయమే. గర్భిణిగా ఉన్నప్పటి పరీక్షలు, కాన్పు, బాలింత సంరక్షణ అన్నీ కలిపి 5 డాలర్లు, కుటుంబానికి సాధారణ నర్సింగ్ సేవకు ఏడాదికి ఒక డాలరు రుసుము ఉండేది. నగదు లేనివారు గుర్రాలకు మేతగానో, కంచె కట్టే కూలిగానో, ఇంట్లో చేసిన కుర్చీగానో దాన్ని చెల్లించేవారు. పుచ్చుకునే చేయి కిందుగా ఉండే సంబంధం ఎంతో కాలం గౌరవంగా సాగదు కాబట్టి, ఈ రుసుము సంస్థ ఖర్చులకు ఏమాత్రం చాలకపోయినా, కొండవారి ఆత్మగౌరవాన్ని కాపాడింది. దూరప్రాంతాల నర్సింగ్ కేంద్రాలకు స్థానికులు భూమి, కలప, శ్రమ సమకూర్చి, సొంత సంఘాలు ఏర్పరచుకుని వాటి బాగోగులు చూశారు. అసలు ఖర్చుకు కావలసిన విరాళాల కోసం బ్రెకిన్‌రిడ్జ్ న్యూయార్క్, బోస్టన్ వంటి నగరాలకు వెళ్లి ఉపన్యాసాలిచ్చేది. హైడెన్‌లో 1928లో ఆసుపత్రి వెలిసింది. క్రమంగా సంస్థ సేవాప్రాంతం సుమారు 700 చదరపు మైళ్లకు విస్తరించింది.

ఈ కృషికి శాశ్వతమైన విలువ తెచ్చినది లెక్కల పట్ల ఆమెకున్న పట్టుదల. జననమరణాలు సరిగా నమోదు కాని కౌంటీలో, సేవ వల్ల మేలు కలిగిందో లేదో తేలాలంటే ముందున్న స్థితి తెలియాలి గనుక, పని ప్రారంభమయ్యే సమయంలోనే ఇంటింటికీ తిరిగి జననమరణాల సర్వే చేయించింది. నర్సులు రాసిన కాన్పుల రికార్డులను బయటి నిపుణుల పరిశీలనకు పెట్టింది. మెట్రోపాలిటన్ లైఫ్ బీమా సంస్థకు చెందిన గణాంక శాస్త్రవేత్త లూయీ డబ్లిన్ మొదటి 1,000 కాన్పులను విశ్లేషించి, వాటిలో గర్భం వల్ల గాని ప్రసవం వల్ల గాని నేరుగా సంభవించిన తల్లి మరణం ఒక్కటీ లేదని 1932లో తేల్చాడు. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద ప్రతి 1,000 కాన్పులకు ఆరేడుగురు తల్లులు చనిపోతుండేవారంటే, దేశంలోని అతి పేద కౌంటీలలో ఒకటైన చోట సాధించిన ఆ ఫలితం ఎంతటిదో తెలుస్తుంది. సేవాభావాన్ని ఎంత పొగిడినా, దాని ఫలితాన్ని అంకెలలో చూపగలిగినప్పుడే అది ఇతరులు అనుసరించదగిన పద్ధతి అవుతుంది.

తొలి ఏళ్లలో ఆ సంస్థ నర్సులలో చాలామంది బ్రిటన్ నుంచి వచ్చినవారే. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలవగానే వారిలో పలువురు స్వదేశ సేవకు తిరిగి వెళ్లిపోవడంతో పని ఆగిపోయే ప్రమాదం ఏర్పడింది. ఆ ఏడాదే హైడెన్‌లో కాన్పు విద్యా పాఠశాల ప్రారంభించి, బయటివారిపై ఆధారపడిన సంస్థను తన మనుషులను తానే తయారు చేసుకునే సంస్థగా మార్చారు. ఫ్రాంటియర్ నర్సింగ్ యూనివర్సిటీగా ఎదిగిన ఆ పాఠశాల ఈనాడు దేశంలోని గ్రామీణ ప్రాంతాలకు నర్సు-మిడ్‌వైఫ్‌లను అందిస్తోంది.

మహనీయుల చరిత్రలో లోపాలను దాచడం వారికి గాని చదివేవారికి గాని మేలు చేయదు. బానిసత్వం పాటించిన దక్షిణాది కులీన వర్గంలో పుట్టిపెరిగిన బ్రెకిన్‌రిడ్జ్ ఆ వర్గపు జాతి దురభిమానాన్ని విడిచిపెట్టలేదు. ఆమె నాయకత్వంలో నల్లజాతి నర్సులకు సంస్థలో చోటు దొరకలేదు. అమెరికా దక్షిణ ప్రాంతాలలో పేద తల్లుల కాన్పుల భారాన్ని తరతరాలుగా మోసినది ఎక్కువగా నల్లజాతి మంత్రసానులే కాబట్టి, ఈ అన్యాయం చిన్నది కాదు. వర్ణవ్యత్యాసపు బరువు తెలిసిన సమాజం నుంచి వెళ్లిన తెలుగువారు ఈ సేవను ఎంత గౌరవించినా, ఈ లోపాన్ని అంతే స్పష్టంగా గుర్తించవలసి ఉంటుంది.

తెలుగు వైద్యులకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం చట్టం ద్వారా ఏర్పడినది. జె-1 అనే శిక్షణ వీసాపై అమెరికా వెళ్లిన వైద్యులు చదువు ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. 1994లో నార్త్ డకోటా సెనెటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో వచ్చిన చట్టం, వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయడానికి ఒప్పుకున్నవారికి ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వాలని సిఫారసు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఈ దారిన అపలాచియన్ కౌంటీలకు చేరిన వైద్యులలో గడువు తీరగానే నగరాలకు తరలినవారు ఉన్నారు, అక్కడే స్థిరపడి ఒకే ఇంటి మూడు తరాలకు వైద్యం చేసినవారూ ఉన్నారు. పిల్లల చదువు, గుడి, సాటి తెలుగువారి తోడు కోరుకునే కుటుంబాలు తరలిపోవడాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. అయితే మూడేళ్లకొకసారి వైద్యుడు మారే ఊళ్లో రోగి తన కథను మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి వస్తుందన్న వాస్తవాన్ని కూడా మరచిపోరాదు.

ప్రతి ఒక్కరూ ఒకే కౌంటీలో నలభై ఏళ్లు గడపలేరు గాని, ఆ నలభై ఏళ్లను సార్థకం చేసిన పద్ధతులను ఎవరైనా ఎక్కడైనా పాటించవచ్చు. చికిత్సకు ముందు ఆ ఊరి స్థితి తెలుసుకోవడం, ఫలితాన్ని నిజాయితీగా లెక్కగట్టడం, స్థానికులను సేవలో భాగస్వాములను చేయడం, తరువాతివారికి శిక్షణ ఇవ్వడం మూడేళ్ల ఒప్పందంలోనూ సాధ్యమే. తెలంగాణలో 2017 నుంచి నర్సులకు ప్రత్యేకంగా కాన్పు విద్య నేర్పి ప్రభుత్వ ఆసుపత్రులలో నియమిస్తున్న ప్రయత్నమూ ఇదే సూత్రం మీద నిలిచింది కాబట్టి, రెండు చోట్ల అనుభవం ఉన్న ప్రవాస వైద్యులు ఇటు మాతృభూమికి, అటు కొండ కౌంటీలకు ఉపయోగపడగలరు. స్థానిక యువతీయువకులను నర్సులుగా చదివించడానికి తెలుగు సంఘాలు విద్యార్థి వేతనాలు ఏర్పాటు చేస్తే, వచ్చిన వైద్యుడు కొంతకాలానికి వెళ్లిపోయినా వైద్యం ఆ కౌంటీని విడిచిపోదు. బ్రెకిన్‌రిడ్జ్ గతించి ఆరు దశాబ్దాలు దాటినా ఆమె నాటిన విద్య కొనసాగడానికి కారణం, తాను లేని రోజుకు కావలసిన మనుషులను ఆమె జీవించి ఉండగానే సిద్ధం చేయడమే.