కిడ్నీ రాయి ఆపరేషన్ అయినంక మనం మరిచిపోయేవి



షరఫియాలో మనోళ్లు నలుగురు కూడితే అందులో ఒక్కరికన్నా కిడ్నీలో రాయి ఉంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎండలో పని బంద్ పెట్టినా, మిగిలిన గంటల్లో కారే చెమట తక్కువేం కాదు. నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడుతుంది, రాయి కడుతుంది. ఇది మనకందరికీ తెలిసిందే. ఆపరేషన్ తర్వాతి సంగతే చాలామందికి తెలవదు.

ఇప్పుడు కడుపు కోయకుండానే చేస్తున్నరు. మూత్రం దారిలో నుంచి సన్నని దుర్బీను పంపి లేజరుతో రాయి పగలగొడతరు. రాయి పెద్దదైతే వీపు వెనక చిన్న రంధ్రం పెట్టి తీస్తరు. ఎక్కువ మందికి ఏ కష్టం లేకుండా అయిపోతుంది, భయపడొద్దు. కానీ అరుదుగా కొన్ని జరుగుతయి, అవి తెలిసి ఉండాలె.

మొదటిది జ్వరం. రాయిలో దాగిన క్రిములు రక్తంలో కలిస్తే చలి, వణుకు వస్తయి, బీపీ పడిపోతుంది. ఇది గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అప్పుడు పనాడాల్ వేసుకొని దుప్పటి కప్పుకోవద్దు. 997 కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి.

రెండోది రక్తం. కొన్ని రోజులు మూత్రం ఎర్రగా రావడం మామూలే. గడ్డలు గడ్డలుగా వచ్చినా, మూత్రం ఆగిపోయినా మామూలు కాదు. వీపు నుంచి చేసినోళ్లకు వారం, రెండు వారాల తర్వాత కూడా ఒక్కసారిగా రక్తం పోవచ్చు. అందుకే డాక్టర్ చెప్పేదాకా సిమెంట్ బస్తా ఎత్తొద్దు.

మూడోది కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే నాళానికి దెబ్బ. చిన్న రంధ్రమైతే లోపల పైపు పెడితే మానుతుంది. నాళం పూర్తిగా తెగడం చాలా చాలా అరుదు, తెగితే మళ్లీ పెద్ద ఆపరేషనే. ఇంకోటి, మానిన చోట నాళం సన్నబడుతుంది. గోడ లోపల పైపు పూడినట్టే, బయటికి ఏమీ కనపడదు. నొప్పి కూడా ఉండకపోవచ్చు, కానీ కిడ్నీ వాచి మెల్లగా పాడైతది. నొప్పి లేదని స్కానింగ్ ఎగ్గొట్టొద్దు.

ఇక మనోళ్ల అసలు సమస్య డీజే స్టెంట్. రెండు కొసలు కొక్కెంలా వంగిన మెత్తని పైపు అది. స్లాబ్ పోసినంక కింద జాకీలు పెట్టినట్టు, నాళం మానేదాకా లోపల ఉంచుతరు. జాకీలకు తీసే రోజు ఉన్నట్టే దీనికీ తేదీ ఉంటది. మరిచిపోతే దాని మీదే రాళ్లు కడతయి, ముక్కలుగా విరగొచ్చు, కిడ్నీయే పోవచ్చు.

మా రూములో ఒక తమ్మునికి నొప్పి తగ్గింది, ఇంతలో సెలవు మంజూరైంది. తీసే తేదీ వచ్చేసరికి ఊళ్లో ఉంటడు. కాగితం అరబ్బీలో ఉండె, ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మేమంతా కూర్చొని తెలుగులో రాసిచ్చినం: ఏ వైపు కిడ్నీ, ఏ రోజు పైపు పెట్టిన్రు, ఏ రోజుకు తీయాలె. ఆ ఫోటో వాళ్ల భార్యకు వాట్సాప్ చేసినం. ఊళ్లో ఆమెనే వెంటబడి కరీంనగర్ తీసుకపోయింది, పదే నిమిషాల్లో తీసిన్రు.

అందరికీ అట్ల గుర్తుచేసే మనిషి ఉండడు. కంపెనీ మారుతది, అకామా అయిపోతది, ఎగ్జిట్ పడుతది, పైపు మాత్రం ఒంట్లోనే ఉంటది. అందుకే డిశ్చార్జి రోజే అడగండి: లోపల పైపు పెట్టిన్రా? ఎప్పుడు తీస్తరు? ఫోన్‌లో అలారం పెట్టండి, ఇంటోళ్లకూ చెప్పండి. డాక్టరును అడగాలంటే 937 కు ఫోన్ చేయొచ్చు.

సెలవు మీద పోయేటోని సూట్‌కేసు ఎన్ని కిలోలున్నదో రూమంతా చూస్తం. ఒంట్లో పైపు ఉన్నదా అని కూడా ఒక్కమాట అడుగుదాం.