రోకలిబండ దంచిన మన్ను

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. కట్టుకున్న ఇంటికి రాయి ఏ గుట్టనుంచి వచ్చిందో, ఆ గుట్ట ఇప్పుడెలా వుందో కూడా ఓసారి వెళ్ళి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అని వుంటే మనలో సగంమంది ఇల్లు కట్టడమే మానుకునేవాళ్ళమేమో!

మా అత్తవారిది చందుర్తి. వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చినవాళ్ళు ఇంకాస్త ముందుకొస్తే మా ఊరు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. జిల్లా మారినా మా ఇంట్లో రాయి మాత్రం కరీంనగర్‌దే. వంటింటి గట్టుమీద పరిచిన ఆ గోధుమరంగు గ్రానైటుని 'ట్యాన్ బ్రౌన్' అంటారు. కరీంనగర్ గుట్టల్లో పుట్టిన ఈ రాయికి దేశదేశాల్లో గిరాకీ. అంటే ఎక్కడో ఏ పరాయి దేశపు ఇల్లాలో మన గుట్టమీదే ఉల్లిపాయలు తరుగుతూ వుంటుందన్నమాట.

గోడలకి వాడిన సిమెంటు బసంత్‌నగర్‌ది. అక్కడి ఫ్యాక్టరీ 1969లో మొదలైంది. మనకి సిమెంటంటే సంచిలో వచ్చే బూడిదరంగు పొడి, అంతే. కాని కొలిమిలోంచి గడ్డలుగా వచ్చే క్లింకరు ఒక టన్ను కావాలంటే సుమారు టన్నున్నర సున్నపురాయి కాల్చాలి. మిగతాది గాలిలో కలిసిపోతుంది. ఇక ఇంటికెన్ని సంచులు పడతాయో, అన్ని సంచులకి ఎంత గొయ్యి కావాలో మీరే లెక్క వేసుకోండి.

గొయ్యి సంగతి నాకు పుస్తకాలు చదివితే తెలిసింది కాదు. మా ఆడబిడ్డ అత్తగారి ఊరు కరీంనగర్ దగ్గర. ఆ పెద్దావిడకి పది పదిహేను మేకలు వుండేవి. ఊరి పక్క గుట్టే వాటికి మేత. తంగేడు, మోదుగ, సీతాఫలం చెట్లు, వాటి సందున గడ్డి. కొన్నాళ్ళకి ఆ గుట్ట క్వారీకి పోయింది. మరికొన్నాళ్ళకి మేకలు సంతకి పోయాయి. మేకలమ్మిన డబ్బు చీర కొంగున కట్టుకుని ఆవిడ ఒక్క మాటే అన్నది: "గుట్ట వోయినంక మేకలెందుకు బిడ్డా!"

మొక్కలు నాటలేదా అంటే, నాటారు. వానాకాలంలో, ఫోటోగ్రాఫరుతో సహా వచ్చి మరీ నాటారు. ఎండాకాలం వచ్చేసరికి అవి పుల్లలయ్యాయి. మా అత్తమ్మ ఆ మాట విని నవ్వింది. "బండమీద వెట్టిన చెట్టు ఏం దింటది? మన్ను లేంది ఎట్ల బతుకుతది?" అన్నది. మా అత్తమ్మకి బడి చదువు లేదు. కాని పెంటకుప్ప ఎన్నాళ్ళు మగ్గాలో, చెరువు పూడిక మట్టి ఏ చెలకకి ఎంత పోయాలో ఆవిడనడిగే చేసేవాళ్ళు. "మన్నును మనం సాదితే, మన్ను మనల్ని సాదుతది" అనేది.

ఈ సంగతి చట్టానికీ తెలుసు. గ్రానైటు తవ్వకాలకి 1999లో వచ్చిన నియమాలు చదివితే, నేల తవ్వేముందు పైమన్నుని విడిగా ఎత్తి దాచాలనీ, తర్వాత అదే నేలని బాగుచెయ్యడానికి వాడాలనీ వుంది. సున్నపురాయి వంటి గనులు మూసేటప్పుడు నేలని ఎలా బాగుచేస్తారో ముందే పథకం రాసివ్వాలని 2003లో నియమం వచ్చింది. తవ్వకం ముగిశాక ఆ నేలమీద మళ్ళీ గడ్డి మొలిపించాలన్న షరతు లీజుల్లో పెట్టమని సుప్రీంకోర్టు 2020 జనవరిలో ప్రభుత్వానికి చెప్పింది. మేకలమ్ముకున్న పెద్దావిడ కష్టం ఢిల్లీదాకా వెళ్ళిందన్నమాట, ఆవిడకే తెలియకుండా.

మరి బండమీద మన్ను పుట్టించడం సాధ్యమా? సాధ్యమేనని చూపించినవాళ్ళున్నారు. అదీ ఒక సిమెంటు కంపెనీయే.

ఆఫ్రికాలో కెన్యా దేశం, మొంబాసా పట్నం. అక్కడ బంబురి సిమెంటు కంపెనీ 1954 నుంచి సముద్రతీరాన పగడపు సున్నపురాయి తవ్వుతూ వచ్చింది. మిగిలింది తెల్లటి ఎడారి. ఎండకి కళ్ళు చెదిరే బండ, అడుగున ఉప్పునీళ్ళు. రెనే హాలర్ అనే స్విట్జర్లాండ్ వ్యవసాయ నిపుణుడు 1971లో ఆ నేలని బాగుచేసే పని మొదలుపెట్టాడు. 26 రకాల చెట్లు నాటితే మూడే బతికాయి. వాటిల్లో ఒకటి మన బాపట్ల, చీరాల తీరాన తోటలు తోటలుగా పెంచే సరుగుడు. దాని వేళ్ళలో వుండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి అందిస్తాయి. అంచేత సారంలేని నేలలోనూ అది నిలబడగలదు.

చెట్లు పెరిగాయి. ఇక్కడితో మనవాళ్ళయితే రిబ్బను కత్తిరించేవారు! హాలర్ మాత్రం కిందకి చూశాడు. రాలిన సరుగుడాకు సూదులు గుట్టలుగా పడివున్నాయేగాని కుళ్ళడం లేదు. వాటిలో వున్న వగరు పదార్థమే అందుకు కారణం. ఆకు కుళ్ళకపోతే మన్ను పుట్టదు. అప్పుడు ఎర్రకాళ్ళ సహస్రపాది ఒకటి ఆ సూదుల్ని తింటూ ఆయన కంటపడింది. అలాంటివాటిని వందలకొద్దీ తెచ్చి చెట్లకింద వదిలాడు. అవి తిన్నాయి, విసర్జించాయి. ఆ విసర్జనే నల్లటి మన్నయింది.

సహస్రపాది అంటే మరేదో కాదండీ. తొలకరి పడగానే మన పెరట్లో కనిపించి, ముట్టుకుంటే చక్రంలా చుట్టుకుపోయే రోకలిబండే. ఆ పేరు పెట్టిన మహానుభావులెవరోగాని, రోకలి చేసే పనే అది చేసింది. ఆకుని దంచి మన్ను చేసింది!

మన్ను వచ్చాక మిగతావన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. రకరకాల స్థానిక వృక్షాలు, చేపల చెరువులు, పక్షులు, జంతువులు. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆయన్ని 'గ్లోబల్ 500' గౌరవంతో సత్కరించింది. ఆ చోటిని ఇప్పుడు హాలర్ పార్క్ అంటారు. 2004 డిసెంబరు సునామీ రోజుల్లో మంద తప్పిన ఓవెన్ అనే నీటిగుర్రం పిల్లని తీసుకొచ్చి వదిలిందీ అక్కడే. అది వందేళ్ళు దాటిన తాబేలుని తల్లిలా అంటిపెట్టుకు తిరిగింది. పిల్లలకి చెప్పండి, అన్నం తినిపించడానికి పనికొస్తుంది.

ఇంత చేసినా బంబురిలో తవ్విన పగడపు రాయి తిరిగి రాలేదు. కరీంనగర్ గుట్టలూ తిరిగి రావు. సరుగుడు మనకి మందూ కాదు. మన గుట్టలకి తంగేడు, కానుగ, సీతాఫలం చాలు. కాని మేకలకి గడ్డి తిరిగి రావచ్చు. నీళ్ళు నిండిన గోతులకి కంచె వేస్తే పిల్లలు ఈతకి దిగి ప్రాణాలు పోగొట్టుకోకుండా వుండొచ్చు. వీటికి కావలసింది ఏళ్ళ తరబడి ఓపిక, ఎత్తి దాచిన పైమన్ను.

ఓపిక సంగతి కంపెనీలవారు చూసుకోవాలి. పైమన్ను సంగతి మనం అడగొచ్చు. పెద్ద గనులకి అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని నియమం వుంది. ఆ సభల్లో ముందు వరసల్లో మగవాళ్ళే కూర్చుంటారు. ఎన్ని మొక్కలు నాటుతారని అడుగుతారు, లక్ష అని జవాబొస్తుంది, చప్పట్లు కొడతారు. ఈసారి వెనక వరసలోంచి మనం లేచి, "ఎత్తిన పైమన్ను ఎక్కడ దాస్తారు?" అని అడుగుదాం. డబ్బాలో బియ్యం చూసుకోకుండా విస్తళ్ళు వెయ్యం గదా!