పులుల అడవిలో నీటిబాట

పిల్లలూ! మా కల్వకుర్తి మెట్టప్రాంతం. నా చిన్నతనంలో కృష్ణానది అంటే మేము పాఠంలో చదువుకున్నదే. ఇప్పుడు కల్వకుర్తి ఎత్తిపోతల పథకంవల్ల ఆ కృష్ణనీరే మూడుచోట్ల పైకెక్కి మా చేలదాకా వస్తున్నది. ఆ నీరు ఎక్కడిదో చూడాలని ఉంటే నాగర్‌కర్నూలు, కొల్లాపూరు మీదుగా సోమశిలకు వెళ్ళండి.

అక్కడ కృష్ణ ఏరులాగా ఉండదు, సముద్రంలాగా ఉంటుంది. దిగువనున్న శ్రీశైలం ఆనకట్టే అందుకు కారణం. దానికి 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980 తరవాత నీరు నిలిచి, ఒడ్డున ఉన్న ఊళ్ళు చాలా మునిగిపోయాయి. ఆవలి ఒడ్డునున్న సంగమేశ్వరాలయం ఇప్పటికీ ఏడాదిలో చాలా నెలలు నీళ్ళలోనే ఉంటుంది. అందులోని శివలింగం వేపకర్రతో చేసినది!

దిగువకు పోయేకొద్దీ నల్లమల కొండలు దగ్గరౌతాయి. ఇక అది పులుల అడవి. దానిని 1978లో అభయారణ్యం చేశారు, 1983లో పులుల రక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు అడవీ రెండయింది. ఎడమగట్టున తెలంగాణవారి అమ్రాబాద్, కుడిగట్టున ఆంధ్రప్రదేశ్‌వారి నాగార్జునసాగర్–శ్రీశైలం. నడుమ నది. పులికి ఈత బాగా వచ్చు. ఏ గట్టు ఏ రాష్ట్రానిదో దానికేం తెలుసు?

ఈ నీటిమీద తిరిగే పాతకాలపు పడవ పేరు పుట్టి. వెదురుబద్దలతో పెద్ద గంపలాగా అల్లి, పూర్వం దానికి తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ గుడ్డ కప్పి తారు పూస్తున్నారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు. కొత్తవాడు తెడ్డు వేస్తే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది! తెలిసినవాడు తెడ్డును ముందువైపున వేసి తనవైపుకు లాగుతాడు. పుట్టి చప్పుడు లేకుండా సాగిపోతుంది.

నేను ఉద్యోగంలో ఉండగా ఒకసారి పిల్లలను పుట్టిలో తీసుకుపోయాను. వాళ్ళు ఒకటే కేకలు, పాటలు. నేనూ వాళ్ళతో గొంతు కలిపాను. పుట్టి నడిపే ముసలాయన తెడ్డు ఆపి, "సారూ, జర సప్పుడు జెయ్యకుండ్రి. ఆడ దుప్పులు నీళ్ళకొచ్చినయి," అన్నాడు. చూద్దుము గదా, నాలుగు దుప్పులు తలలెత్తి నిలబడి ఉన్నాయి. మరుక్షణం కొండెక్కి పోయాయి. మండు వేసవి, అవి నీళ్ళు తాగనే లేదు. పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆ పూట సిగ్గేసింది.

నాలుగు గొంతులకే అట్లా బెదిరితే, మోటారు లాంచీ రోజంతా తిరిగితే ఏమౌతుంది? లాంచీ అలలు గట్టును కోస్తాయి, నూనె నీటిలో కలుస్తుంది. అందుకే ఇటువంటిచోట అటవీశాఖవారికి పెద్ద చిక్కు: జనం రావాలి, మృగాలు వెళ్ళిపోకూడదు. 1972 చట్టం ప్రకారం అనుమతి లేనిదే అభయారణ్యంలో అడుగుపెట్టకూడదు.

ఇదే చిక్కు అమెరికావారికీ వచ్చింది. కెనడా సరిహద్దున, మిన్నెసోటాలో బౌండరీ వాటర్స్ అనే అడవి ఉన్నది. అందులో వెయ్యికి పైగా సరస్సులు! 1964లో దానికి చట్టరక్షణ కల్పించారు. 1978 చట్టంతో చాలా సరస్సులలో మోటారు పడవలు మాన్పించారు. జట్టుకు 9 మంది, 4 పడవలు మించకూడదు. రోజుకు ఇన్ని జట్లే అని లెక్క. గాజుసీసాలు, రేకుడబ్బాలు వెంట తీసుకుపోకూడదు.

అన్నీ మనం అచ్చంగా పెట్టలేము. ఈ నీటిలో చేపలు పట్టి బ్రతికేవారున్నారు. అడవిలో చెంచులున్నారు, వాళ్ళు మనకంటె ముందునుంచీ ఉన్నవాళ్ళు. కాని సీసాల నియమం రేపే పెట్టవచ్చు. నన్నడిగితే, అడవి పక్కన లాంచీలు తగ్గించి పుట్టివాళ్ళకే పని ఇవ్వమంటాను. వాళ్ళకు కూలి దొరుకుతుంది, దుప్పులకు నీళ్ళు దొరుకుతాయి.

మీరు వెళ్ళేటట్లయితే లైఫ్ జాకెట్టు తొడుక్కోనిదే పుట్టి ఎక్కకండి. నిండు కృష్ణను చూడాలంటే వానాకాలం చివర వెళ్ళండి. సంగమేశ్వరుణ్ణి చూడాలంటే మాత్రం ఎండలు ముదిరి నీరు దిగేదాకా ఆగాలి.