బొంత లోపలి పొర

“గంతకు తగ్గ బొంత” అని మనవాళ్ళు పెళ్ళి సంబంధాల దగ్గర వేళాకోళంగా అంటుంటారు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలవాళ్ళు దాన్ని “అతుకుల బొంత” అని తీసిపారేస్తారు. ఈ మాటలు విన్నప్పుడల్లా మా నాయనమ్మ తరఫున నాకు కొంచెం రోషం వస్తుంది. అతుకులు నిలవాలంటే ఎంత ఓర్పు కావాలో తెలిసినవాళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనరు.

మాది కృష్ణా డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లె. వరికోతలయ్యి, మినుము పీకి, కల్లం పనులు సద్దుమణిగాక, ఎండలు ముదరడానికి ముందు మా ఆడవాళ్ళకు కాస్త తీరిక దొరికేది. నాయనమ్మ బొంత వేసేది అప్పుడే. ఏడాది పొడుగునా ఆమె ట్రంకుపెట్టె అడుగున పాతగుడ్డలు చేరుతూ ఉండేవి. వాటిని కాలవలో గంజి పోయేదాకా ఉతికి, ఎండలో పెళపెళలాడేటట్టు ఆరబెట్టేది. వేపచెట్టు కింద చాప పరిచి, అడుగున ఒక గట్టి నేతచీర వేసి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి బిగదీసేది. దానిమీద మూడు నాలుగు పొరలు. చినిగిన పంచెలు, నాన్న లుంగీలు, అమ్మ రవికెలు, మా లాగుల ముక్కలు అన్నీ ఆ మధ్య పొరల్లోకి పోయేవి. ఎక్కడ పల్చగా ఉందో అరచేత్తో తడిమి చూసి అక్కడ ఇంకో ముక్క పెట్టేది. పైన మళ్ళీ ఒక మంచి చీర. అంచులు లోపలికి మడిచి, గుడ్డ జరగకుండా అక్కడక్కడ పెద్ద టాకాలు వేసి, ఆ తరువాత అసలు కుట్టు మొదలుపెట్టేది. అంచున బయలుదేరి చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడిమికి వచ్చేది. వరసకూ వరసకూ మధ్య ఒక వేలెడు. ముడి మాత్రం ఎప్పుడూ పైకి కనబడనిచ్చేది కాదు. పసిపిల్ల వీపుకు గుచ్చుకుంటుందని దాన్ని పొరల మధ్యకు లాగేసేది. ఒక్క బొంతకు నెల పట్టేది.

ఆమె దగ్గర మూడు సూదులుండేవి. దబ్బనం కన్నా సన్నం, మామూలు సూది కన్నా పొడుగు. ఆమెకు కళ్ళలో శుక్లాలు. అందుచేత బడికి వెళ్ళే ముందు ఆ మూడింటికీ దారం ఎక్కించి తాటాకు దడికి గుచ్చి పోవడం మా పిల్లల పని. కూలి ఒక బెల్లం ముక్క. దారానికి కొవ్వొత్తి రాసి ఇవ్వాలి. రెండు మూరలకు మించి తీయకూడదు. “ఆశపడి పొడుగు తీస్తే చిక్కు విప్పుకోవడానికే పొద్దు గూకుద్దిరా నాయనా” అనేది. మా చెల్లి మాత్రం మాటిమాటికీ లేచిరావడానికి బద్ధకించి బారెడు తీసేది. బెల్లం మాత్రం ముందే అడిగేది.

‘మేము’ అంటే నేనూ, మా చెల్లీ, బాబాయి పిల్లలిద్దరూ. కానీ 1988 నుంచి మాది ఒక ఇల్లు కాదు. బోదె నీళ్ళ దగ్గర నాన్నకూ బాబాయికీ మాట వచ్చింది. నీళ్ళతో మొదలైన మాట పొలం గట్టు మీదికీ, అక్కడినుంచి మా మేనత్త పెళ్ళికి ఎవరు ఎంత పెట్టారనే లెక్కమీదికీ పోయింది. పెద్దమనుషులు కూర్చున్నారు, పంచారు, లేచారు. వాకిట్లో నడిమిగా దడి లేచింది. నాయనమ్మను కూడా పంచారు. ఒక నెల మా ఇంట్లో, ఒక నెల బాబాయి ఇంట్లో. ఒకటో తారీకున ఆమె ట్రంకుపెట్టెను మేం పిల్లలమే చెరో పక్కా పట్టుకుని దడి దాటించేవాళ్ళం. వేపచెట్టు దడి పక్కనే ఉండేది. దాని నీడ పొద్దున అటు, సాయంత్రం ఇటు పడేది. నాయనమ్మ చాప కూడా ఆ నీడ వెంటే జరుగుతూ ఉండేది.

ఇద్దరూ ఆదివారం గుడికి వచ్చేవారు. ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు. సంస్కారం రోజున బాబాయి బల్ల దగ్గరికి వెళితే నాన్న తన చోటులోనే తలవంచుకుని కూర్చునేవాడు. నాన్న లేస్తే బాబాయి చెప్పుల కోసం బయటికి పోయేవాడు. మా పాస్టరు గారు ఇద్దరినీ పిలిచి చాలాసార్లు మాట్లాడారు. నేను ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను కనుక, ఆయన ఎంత అలిసిపోయి ఉంటారో నాకు తెలుస్తోంది.

ఒక వేసవిలో నాయనమ్మ మా చెల్లికీ నాకూ బొంత వేస్తోంది. మధ్య పొర పరుస్తూ ఉండగా ఒక వంగపండు రంగు మంగళగిరి చీర తీసింది. జరీ ఒరుసుకుంటుందని అంచు అప్పటికే కత్తిరించేసింది. అయినా నేను గుర్తుపట్టాను. అది పిన్నిది.

“ఇది పిన్ని చీర కదా నాయనమ్మా?”

ఆమె దడి అవతలికి ఒకసారి చూసి, దానిమీద నాన్న లుంగీ పరిచేసింది. “అవును. మీ అమ్మ చీర మొన్న వాళ్ళ బొంతలో పెట్టా. వాళ్ళకీ చెప్పలా. నువ్వూ చెప్పమాక.”

లోపల పెట్టడం ఆమెకు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఆమె చెల్లెలి ఇల్లు మనుషులతో సహా పోయింది. అంతకుముందెప్పుడో ఆ చెల్లెలు మా ఇంటికి వచ్చి మరిచిపోయిన రవికె ఒక్కటే మిగిలింది. నాయనమ్మ దాన్ని సన్నని పేలికలుగా కత్తిరించి దాచుకుని, ఆ తరువాత కుట్టిన ప్రతి బొంతలోనూ ఒక పేలిక పెట్టేది. పైన కనబడేట్టు ఎప్పుడూ పెట్టలేదు.

1990 మే 9న తుఫాను మా తీరాన్నే తాకింది. నాకు అప్పుడు పదేళ్ళు. పొద్దుటినుంచే గాలి తిరిగింది. ఇంటికప్పు లేచిపోకముందే అందరం గుడికి చేరాం. పల్లెలో స్లాబు ఉన్నది అదొక్కటే. అందరూ బియ్యమూ, కాగితాలూ పట్టుకుని వస్తే నాయనమ్మ రెండు ఇళ్ళ బొంతలూ చుట్టి నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాన్న కసిరాడు కూడా. ఆ రాత్రి ఆమె గుడి మధ్యలో ఒక బొంత పరిచి నలుగురు పిల్లలనూ పడుకోబెట్టి ఇంకొకటి కప్పింది. తలల వైపు అమ్మ, కాళ్ళ వైపు పిన్ని. కిటికీల్లోంచి జల్లు కొట్టి తెల్లవారేసరికి బొంతలు నీళ్ళు తాగి పెద్ద చేపల్లా అయ్యాయి.

తడిసిన బొంతను ఒక్కరు పిండలేరు. ఎప్పుడైనా పిండినవారికి ఈ సంగతి తెలుసు. ఒకరు ఒక కొసనూ, ఒకరు ఇంకో కొసనూ పట్టుకుని ఎదురుబొదురుగా నిలబడి, ఒకరు కుడికి తిప్పితే ఒకరు ఎడమకు తిప్పాలి. నాయనమ్మ ఒక కొస అమ్మ చేతికిచ్చింది, రెండో కొస పిన్ని చేతికిచ్చింది, తాను పక్కకు పోయి కూర్చుంది. వాళ్ళిద్దరూ గుడి మెట్ల దగ్గర నిలబడి రెండు బొంతలూ పిండారు. ఒక్క మాట లేదు. నీళ్ళు మాత్రం ధారగా కారాయి. ఇదేదో సమాధానానికి మొదలని మేం పిల్లలం అనుకున్నాం. ఇళ్ళకు మళ్ళీ తాటాకు కప్పుకున్నారు. దడి కూడా మళ్ళీ కట్టుకున్నారు.

నాయనమ్మ 2001లో ప్రభువునందు నిద్రించింది. కొన్నాళ్ళకు దైవశాస్త్రం డిప్లొమా చదవడానికి వెళుతూ ఆ బొంత వెంట తీసుకెళ్ళాను. హాస్టల్లో అందరివీ కొనుక్కొచ్చిన రగ్గులు, పూల దుప్పట్లు. నేను సిగ్గుపడి ఒక దుప్పటి కొని బొంత కనబడకుండా దానిమీద పరుచుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ ముఖం చెల్లడం లేదు గాని, నిజం కనుక రాస్తున్నాను.

2012లో నాన్న పోయాడు. బాబాయి వచ్చాడు. సమాధుల తోట గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా, మేం మట్టి వేసి తిరిగి వచ్చేదాకా బయటే తువ్వాలు భుజానేసుకుని నిలబడి వెళ్ళిపోయాడు. అప్పుడు నేను ఆయన వెనక నాలుగు అడుగులు వేసి ఉండవలసింది. వేయలేదు. సేవలోకి వచ్చిన తరువాత సమాధానం గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. బాబాయి ఇంటికి మాత్రం పోలేదు. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పవద్దన్న మాట చెప్పకపోవడం విధేయత. పెద్దయ్యాక కూడా చెప్పకపోవడం పిరికితనం. దానికి ఇంకో పేరు లేదు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలోని తబితా గురించి మన స్త్రీల సమాజాల్లో తరచు మాట్లాడుతాం. ఆమెకే దొర్కా అని పేరు. రెండు పేర్లకూ అర్థం లేడి. యొప్పేలో ఆమె చనిపోతే విధవరాండ్రందరూ ఏడుస్తూ ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించారు. ఆ భాగమంతటిలో తబితా అన్న మాట ఒక్కటైనా లేదని నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఆమె ఏం చెప్పేదో మనకు తెలియదు, ఏం కుట్టిందో తెలుసు. ఒకసారి ఈ భాగం చదివి వినిపిస్తే నాయనమ్మ అంతా విని, “ఆయమ్మకి సూదిలో దారం ఎవరు ఎక్కించేవారో” అంది. వ్యాఖ్యాన గ్రంథాల్లో ఆ ప్రశ్న నాకు ఎక్కడా దొరకలేదు.

పోయిన చలికాలంలో మా అమ్మాయి ట్రంకులోంచి ఆ బొంత తీసింది. ఈ తరం పిల్లలకు బజారులో దొరికే మెత్తటి బ్లాంకెట్లు తెలుసు. ఇప్పటి చీరల్లో పాలిస్టరే ఎక్కువ. దాన్ని బొంత వేస్తే చెమట పీల్చదు, సూది కూడా జారుతుంది. మా వైపు పాతచీరలు ఇస్తే మిషను మీద గంటల్లో బొంత కుట్టి ఇచ్చేవాళ్ళున్నారు. వాళ్ళ పనిని తప్పుపట్టను, చలి ఆగుతుంది. అయితే మా అమ్మాయి దులపబోయేసరికి ఆ పాత బొంత నడిమి కుట్టు దగ్గర జానెడు చిరిగింది. లోపలినుంచి వంగపండు రంగు బయటపడింది.

అమ్మ మా దగ్గరే ఉంటోంది. చిరుగులో వేళ్ళు పెట్టి ఆ గుడ్డను కొంచెం కొంచెంగా బయటికి లాగింది. రూపాయి బిళ్ళంత కాలిన చిల్లి, చుట్టూ నాయనమ్మ చేతికుట్టు.

“ఇది మీ పిన్నిది,” అంది. “క్రిస్మస్ రాత్రి పాటలు పాడుతుంటే కొవ్వొత్తి అంటుకుంది. నేనే చేత్తో నలిపి ఆర్పా. చెయ్యి బొబ్బలెక్కింది.”

చాలాసేపు ఆ చిల్లిమీద వేలు పెట్టుకుని కూర్చుంది. నాకు తెలుసునని అప్పుడు చెప్పాను. అమ్మ నన్ను ఏమీ అనలేదు. మిషను మీద కుట్టించనా అని అడిగితే మాత్రం కోపం వచ్చింది.

“ఆవిడ చీర. ఆవిడే కుట్టాలి. పట్టుకుపో.”

మరునాడు బస్సెక్కి వెళ్ళాను. వాకిట్లో ఇప్పుడు దడి లేదు, గోడ ఉంది. వేపచెట్టు కొట్టేశారు. పిన్ని గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

“అయ్యగారికి ఇన్నాళ్ళకి మా గడప కనబడిందా?”

జవాబు ఏదీ సిద్ధం చేసుకోలేదు. సంచిలోంచి బొంత తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చేట పక్కకు జరిపి, బొంతను ఇటూ అటూ తిప్పి, చిరుగు దగ్గర ఆగింది. చిల్లి కనబడింది. మెల్లగా చీర మీద చెయ్యి రాసింది.

“మీ అమ్మ చూసిందా?”

“అమ్మే పంపింది పిన్నీ. నువ్వే కుట్టాలంది.”

లోపల మంచం మీదినుంచి బాబాయి ఏమిటని అరిచాడు. ఆయనకు వినికిడి బాగా తగ్గింది. “మీ అమ్మ బొంత!” అని పిన్ని అంతకన్నా గట్టిగా అరిచింది. ఆయన చెయ్యి చాచాడు. బొంత కొస ఒకటి తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. వదలలేదు. అందువల్ల బొంత మంచంమీద సగం, గడపలో సగం పరుచుకుంది. పిన్ని సూదీ దారపు ఉండా తెచ్చుకుని నేలమీద కూర్చుంది. దారం కొస నోట్లో తడిపి, వెలుగుకు పట్టి, మూడుసార్లు ప్రయత్నించింది.

“ఇట్రా పెద్దోడా, దారం ఎక్కించు. రెండు మూరలు చాలు.”

నేను కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాను.