పేరు దొరికింది, ఊరు దొరకలేదు

తిరుచ్చిలో విల్లుపురం వైపు పోయే రైలెక్కితే గంట పైచిలుకులో అరియలూరు వస్తుంది. సముద్రం అక్కడికి చాలా దూరం. అయినా ఆ ఊరి చుట్టుప్రక్కల మన్ను తవ్వితే సముద్రపు చిప్పలే బయటపడతాయి. కోట్ల ఏండ్ల క్రిందట ఆ నేల కడలి అడుగున వుండినది.

నేను అక్కడికి పోయినది వినోదానికి కాదు. మా నాయన పోయిన తరువాత ఆయన మేజా సొరుగులో నిమ్మకాయంత రాయి ఒకటి దొరికింది. మెలి తిరిగిన నత్తగుల్ల, ఒకవైపు పిడికిలి బిగించినట్లు మందంగా వుంది. ఆయన కొన్నాళ్లు అరియలూరు తాలూకాలో ఉద్యోగం చేశారు. అది ఎక్కడిదో మేము ఏనాడూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

మనుమడిని వెంటబెట్టుకొని ముందుగా కల్లంకురిచ్చి వైపు పోయాను. సిమెంటు కోసం తవ్విన సున్నపురాతి గోతుల అంచున అరచేతి మందాన ఆలుచిప్పలు పొరలు పొరలుగా కనిపించాయి. అక్కడినుండి వారణవాసిలోని శిలాజ ప్రదర్శనశాలకు వచ్చాము. సంగతి తెలిసిన పెద్దమనిషి ఒకరు రాయిని అటూ ఇటూ త్రిప్పి చూచారు.

“పుగ్నెల్లస్ జాతిది,” అన్నారు తమిళంలో. ఆ లాటిన్ మాటకు చిన్న పిడికిలి అని అర్థమట. ఈ నత్త ఎదిగిన తరువాత గుల్ల మీద సున్నం పూత పూసుకొని, పైమెలికలను సైతం కప్పివేస్తుంది. పిల్లగుల్లకు గీతలు స్పష్టంగా వుంటాయి. అందుచేత తల్లినీ పిల్లనూ ప్రక్కప్రక్కన పెడితే వేరు వేరు జాతులనుకొని మోసపోతామట. మన దేవుని గదిలోని శంఖానికీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు.

ఈ నేల గుల్లలకు పేర్లు పెట్టిన కథ పాతది. కే, కన్‌లిఫ్ అనే ఇద్దరు దొరలు పోగుచేసిన వాటిని 1846లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ వర్ణించాడు. అందులో కొక్కెం వంటి పెదవి గల ఒకదానిని స్ట్రాంబస్ అన్‌కేటస్ అన్నాడు. 1860లో కాన్రాడ్ పుగ్నెల్లస్ అనే జాతిని ఏర్పరచాడు. భూగర్భ పరిశోధన శాఖలో చేరిన మొరేవియా దేశస్థుడు ఫెర్డినాండ్ స్టోలిచ్కా, దక్షిణ దేశపు నత్తగుల్లల మీద 1867-68లో పెద్ద గ్రంథం వ్రాసి, ఫోర్బ్స్ గుల్లను ఆ జాతిలో చేర్చాడు. ఇంటిపేరు మారినా పేరు మారలేదు. మొదట పేరు పెట్టిన ఫోర్బ్స్‌ను కుండలీకరణాలలో నేటికీ తలుస్తారు. అత్తవారింటికి పోయిన ఆడపిల్ల పుట్టింటిని మరువనట్లు! స్టోలిచ్కా 1874లో యార్కండు ప్రయాణం నుండి తిరిగివస్తూ లడఖ్ కొండలలో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు ముప్పది ఆరేండ్లు.

“మరి మాది అన్‌కేటసేనా?” అని అడిగాడు మా మనుమడు.

“పెదవి కొక్కెం విరిగిపోయింది బాబూ. జాతి వరకే చెప్పగలను. ఏ ఊరి ఏ పొరలో దొరికిందో తెలిస్తే ఇంకొంత చెప్పవచ్చు. అది ఎక్కడా వ్రాసిలేదా?”

లేదన్నాను. ఆయన రాయిని మెల్లగా నా చేతిలో పెట్టారు. ఊరు పేరు లేని గుల్ల అందానికే గాని శాస్త్రానికి అంతగా పనికిరాదట. నాయన బ్రతికి వుండగా ఒక్క మాట అడిగివుంటే సరిపోయేది.

తిరుగు రైలులో మనుమడు మరో ప్రశ్న వేశాడు: “తాతా, మన ముత్తాతలు ఏ ఊరినుండి వచ్చారు?” ఇంటిపేరు చెప్పాను. ఊరు చెప్పలేకపోయాను. మా మేనత్త ఒక్కరే మిగిలారు, ఎనభై దాటినవారు. మరునాడే కాగితం, కలం పట్టుకొని ఆమె ఇంటికి బయలుదేరాను.