పాత పాటకు తగిన ముల్లు

కృష్ణానది సముద్రమును చేరు సీమలో, బందరు పట్టణమునందును, గుడివాడ ప్రాంతమునందును, పులిగడ్డ దాటిన పిమ్మట వచ్చు దివిసీమ పల్లెలయందును, ఒకనాడు కలిగినవారి ఇండ్లలో గ్రామఫోను పెట్టె గొప్ప గౌరవమును పొందెడిది. పెండ్లికో పండుగకో దానిని అరుగుమీదికి తెచ్చి, పిడి త్రిప్పి, ముల్లు మార్చి పాట పెట్టగనే వీధివారందరును గుమిగూడెడివారు. నాటకరంగమున పద్యము పాడి పేరొందిన కపిలవాయి రామనాథశాస్త్రి మొదలగువారి కంఠములు దూరపు పల్లెలకు చేరినది ఆ నల్లని పళ్ళెముల మూలముననే. తరువాతి తరమున ఆ సీమ బిడ్డయే యైన ఘంటసాల వేంకటేశ్వరరావు కంఠము వచ్చినది. ఆయన 1922 డిసెంబరు 4వ తేదీన గుడివాడ సమీపమున గల చౌటపల్లిలో జన్మించెను. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మరణించెను. కరుణశ్రీ రచించిన 'పుష్పవిలాపము'ను ఆయన పాడిన రికార్డు మ్రోగని ఊరు తెలుగునాట లేదనవచ్చును.

ఆ పళ్ళెములలో పెక్కులు నేడు లేవు. సముద్రపు ఉప్పుగాలి, వానకాలపు చెమ్మ, బూజు కొన్నింటిని తినివేసినవి. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెనలో దివిసీమయందు వేలాది ప్రాణములు పోయినవి. ఇండ్లకు ఇండ్లే కొట్టుకొనిపోయిన చోట పాటల పళ్ళెముల లెక్క ఎవరడుగుదురు? మిగిలినవి ఏ అటకమీదనో, ఏ భోషాణములోనో ఉండును. నేటి యువకుడు వానిని దించి, కొత్తగా కొన్న టర్న్‌టేబిలుమీద పెట్టి, గరగర తప్ప మరేమియు వినబడకపోగా, "అరిగిపోయినది" అని తీర్పు చెప్పి మూలకు చేర్చును. ఆ తీర్పు కొన్నిమార్లు నిజమే. కాని తరచుగా దోషము పాటలో లేదు. పాటకు పెట్టిన ముల్లులో ఉన్నది.

రికార్డుమీద కనబడు గీతలు పెక్కు గీతలు కావు. వెలుపలి అంచునుండి నడిమికి చుట్టుకొనిపోవు ఒకే యొక గాడి అది. పాట అంతయు ఆ గాడి వంపులలోనే ఉన్నది. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎమిలీ బెర్లినర్ 1887లో ఈ పద్ధతికి హక్కుపత్రము పొందెను. ఆయన ఏర్పాటు ప్రకారము ముల్లు ప్రక్కలకే కదలును. బందరు కాలువలో పోవు పడవను తలచుకొన్నచో ఇది తెలియును. కాలువ వంపు తిరిగినపుడెల్ల పడవ కుడికో ఎడమకో మరలునే కాని పైకి లేవదు, క్రిందికి దిగదు. మోనో రికార్డునందు ముల్లు నడక ఇట్టిది. 1958 ప్రాంతమున అంగళ్ళకు వచ్చిన స్టీరియో రికార్డు నడక వేరు. మంగినపూడి ఒడ్డున అలలలోనికి దిగిన నావవలె అందు ముల్లు ప్రక్కలకు ఊగును, పైకి క్రిందికి కూడ కదలును. గాడికి గల రెండు గోడలలో ఒకదానియందు ఎడమ చెవికి, రెండవదానియందు కుడి చెవికి వేర్వేరు ధ్వనులు చెక్కబడి యుండుటయే దీనికి కారణము.

ముల్లు కదలికను విద్యుత్తుగా మార్చు చిన్న సాధనమునకు కార్ట్రిడ్జి అని పేరు. నేటి యంత్రములలో సామాన్యముగా ఉండునది స్టీరియో కార్ట్రిడ్జి. అది మోనో రికార్డుమీద నడచినపుడు ప్రక్క కదలికలోని పాటతోపాటు నిలువు కదలికను కూడ వినిపించును. ఆ నిలువు కదలికలో పాట ఏమాత్రమును లేదు. ఉన్నదెల్ల దుమ్ము, గీతలు, అరుగుదల.

దీనికి ఉపాయము ఎనిమిదవ తరగతి లెక్కకు మించినది కాదు. ముల్లు ప్రక్కకు కదలినపుడు కార్ట్రిడ్జిలోని రెండు మార్గములయందును సమానమైన విద్యుత్తు ఒకే దిశగా పుట్టును. నిలువుగా కదలినపుడును సమానముగనే పుట్టును గాని దిశలు ఎదురెదురుగా ఉండును. రెండు మార్గములను కలిపినచో పాట కూడుకొనును, నిలువు రొద కొట్టివేయబడును. అయిదును అయిదును కలిసి పది. అయిదులో అయిదు పోగా సున్న. ఆంప్లిఫయరుకు మోనో మీట ఉన్నచో దానిని నొక్కిన చాలును. లేనిచో ప్రక్క కదలికను మాత్రమే వినిపించు మోనో కార్ట్రిడ్జిని కొని అమర్చుకొనవలెను.

ఇంతతో పని ముగిసెననుకొనరాదు. ముల్లు మొన లావు గాడికి తగియుండవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు గాడికి ఇంచుమించు 75 మైక్రానుల మొన కావలెను. అది తలవెండ్రుక అంత లావు. 1948లో వెలువడిన లాంగుప్లే జాతి మోనో రికార్డులకు 25 మైక్రానులు, స్టీరియోకు 18 సరిపోవును. వెడల్పయిన బండిజాడలో సన్నని చక్రము దిగినచో అడుగున ఉన్న బురదలో పొరలాడును. స్టీరియో ముల్లు 78 గాడిలో పడిన అట్లే అడుగు దుమ్మును గీకును. లావుపాటి ముల్లును సన్నని గాడిపై పెట్టుట అంతకంటె ఘోరము. అది గాడి అంచులను చెరచును. చెరిగిన పాట మరల రాదు.

అమర్చువానికి చిలకలపూడి నగల పనివాని ఓర్పు కావలెను. మొదట విద్యుత్తు ఆపి, వెనుకనున్న నాలుగు తీగలను రంగులు చూచి తగిలించవలెను. తరువాత రెండు మరలతో కార్ట్రిడ్జిని వదులుగా బిగించి, కొలత అట్టను పళ్ళెముపై పరచి, దాని గీతలకు సరిగా కార్ట్రిడ్జి నిలుచునట్లు ముందు వెనుకలకు జరిపి, అప్పుడు మరలు బిగించవలెను. ముల్లు క్రింద చిన్న అద్దమును పెట్టి చూచిన ముల్లును దాని నీడయు ఒకే నిట్టనిలువు గీతగా కనబడవలెను. ఒరిగియున్నచో ఒక గోడ ఎక్కువగా అరుగును.

ఇక బరువు. చేయి వెనుకనున్న తూకపు గుండును త్రిప్పుచు, చేయి త్రాసుకోలవలె గాలిలో సమముగా నిలుచునట్లు చేసి, అచ్చటినుండి బరువును ఎక్కించవలెను. లాంగుప్లే మోనోకు సామాన్యముగా రెండు గ్రాములు. అనగా కంసాలి లెక్కకు రమారమి పదునారు గురిగింజల ఎత్తు. 78 రికార్డుకు నాలుగు గ్రాముల వరకు పట్టును. కచ్చితమైన అంకె కార్ట్రిడ్జితో వచ్చు కాగితముమీద ఉండును. తక్కువ బరువు మేలనుకొనువారు పలువురు. అది పొరపాటు. తేలికైన ముల్లు గాడిలో కుదురుగా నిలువక గోడలను కొట్టుచు పోవును. నూరు గ్రాముల ప్రాంతపు బరువుతో నడచిన పాత పిడి గ్రామఫోనులు, వైపు వైపునకు మార్చు ఉక్కు ముండ్లు వేరు జాతివి. లక్క, రాతిపొడి కలిసిన పళ్ళెములు వానికి ఓర్చుకొన్నవి. ఆ ఉక్కు ముల్లును లాంగుప్లే రికార్డుపై ఎన్నడును మోపరాదు.

లక్క పళ్ళెమును స్పిరిటుతో తుడువరాదు. లక్క అందు కరగును. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులిపిన చాలును. మొట్టమొదట విలువలేని రికార్డును ఒకదానిని పెట్టి పరీక్షించి, మోనో మీటను ఒకమారు తీసి, ఒకమారు వేసి, భేదమును చెవితో తెలిసికొనవలెను. అటుపిమ్మటనే 'పుష్పవిలాపము'ను పళ్ళెముపై ఉంచి, వేగము 78లో ఉన్నదా అని చూచి, ముల్లును దించవలెను. ఒక వైపు ముగియగనే ముల్లుకు పట్టిన నల్లని పొడిని వెనుకనుండి ముందునకు మాత్రమే కుంచెతో తుడిచి, రెండవ వైపు త్రిప్పవలెను.